నింటెండో స్విచ్‌తో ఇంటిల్లిపాదీ ఆడుకోవడం ఎలా?

గేమ్ కన్సోల్ కొనమని పిల్లలు అడగ్గానే చాలామంది తల్లిదండ్రులు ముందు వెనకాడతారు. తలుపు వేసుకుని, అన్నానికి పిలిచినా పలకకుండా తెరకు అతుక్కుపోయే పిల్లవాడే వారి కళ్లముందు మెదులుతాడు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఫోను ఆటలు పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కో మూలకు లాక్కుపోయాయి. అయితే ఆట యంత్రాలన్నీ ఒకే తీరువి కావు. జపాన్‌లోని క్యోటోలో 1889లో హనాఫుదా అనే పేకముక్కలు తయారుచేస్తూ మొదలైన సంస్థ నింటెండో. చుట్టూ నలుగురు కూర్చుని ఆడుకునే వస్తువులు చేయడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. చేతిలో పట్టుకుని గానీ, టీవీకి కలిపి గానీ ఆడుకునేలా 2017 మార్చి 3న అది విడుదల చేసిన స్విచ్‌లోనూ ఆ గుణం కనిపిస్తుంది. పెట్టె తెరవగానే ఇద్దరు ఆడడానికి సరిపడా కంట్రోలర్లు అందులోనే ఉంటాయి.

వేసవి సెలవుల్లో వరంగల్ ఎండకు పొద్దున పదకొండు దాటాక పిల్లలను బయటికి పంపలేం. దసరాకు హైదరాబాద్ నుంచి, ఊళ్ల నుంచి చుట్టాలు దిగితే హనుమకొండ ఇళ్లలో హాలు నిండిపోతుంది. అలాంటి మధ్యాహ్నాల కోసమే ఈ వ్యాసం. మొదటి నుంచి చివరి దాకా ఒక్క సూత్రం పట్టుకుని చెబుతాను: గదిలో ఉన్నవారిలో ఆటకు అందరికన్నా కొత్త మనిషి ఎవరో చూడండి, ఆ మనిషికి కుదిరే ఆటతో మొదలుపెట్టండి. ఏ మోడల్ కొనాలన్నా, ఏ ఆట తేవాలన్నా, కన్సోల్ ఎక్కడ పెట్టాలన్నా ఈ కొలతతోనే చూడండి.

1. సరైన మోడల్ ఎంచుకోండి

స్విచ్ కుటుంబంలో 4 రకాలు ఉన్నాయి. 2017 నాటి మామూలు స్విచ్, 2019లో వచ్చిన స్విచ్ లైట్, 2021లో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్, 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2. అన్నింటిలో లైట్ చౌక. కానీ ఇంటికోసమైతే అది వద్దు. దాన్ని టీవీకి కలపలేం, కంట్రోలర్లు విడదీసి ఇంకొకరి చేతికి ఇవ్వలేం. అంటే మనం దేనికి భయపడుతున్నామో సరిగ్గా ఆ ఒంటరి ఆటకే అది తయారైంది.

మామూలు స్విచ్ గానీ ఓఎల్‌ఈడీ గానీ ఇంటికి చక్కగా సరిపోతుంది. టీవీకి కలిపి ఆడితే రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఓఎల్‌ఈడీకి 7 అంగుళాల మంచి తెర, ఆటలు దాచుకోవడానికి 64 జీబీ జాగా ఉంటాయి. పాతదానిలో ఉండేది 32 జీబీ. స్విచ్ 2 వేగమైనది, 256 జీబీ జాగాతో వస్తుంది, పాత స్విచ్ ఆటల్లో చాలావరకు దానిలో నడుస్తాయి. అయితే ఖర్చు ఎక్కువ, దాని ఆటల ఖర్చూ ఎక్కువే. అమెరికాలో నింటెండో సొంత స్విచ్ ఆటల్లో చాలావాటి ధర 60 డాలర్లయితే, స్విచ్ 2తో పాటు వచ్చిన మారియో కార్ట్ వరల్డ్ ధర 80 డాలర్లు. మొదటిసారి కొనేవారు ఓఎల్‌ఈడీ తీసుకుని, మిగిలిన డబ్బును ఇంకో జత కంట్రోలర్ల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. తెర ఎంత బాగున్నా ఇద్దరు ఆడుతుంటే ఇద్దరు చూస్తూ కూర్చోవాల్సి వస్తే ఆ ఇంట్లో గొడవ తప్పదు.

2. కొనేముందు అడగాల్సినవి అడగండి

నింటెండో మన దేశంలో స్విచ్‌ను అధికారికంగా అమ్మదు. దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, అది ఎవరో దిగుమతి చేసినదే. కాబట్టి వారంటీ అంటే ఆ అమ్మినవారు ఇచ్చే మాటే. బిల్లు తీసుకోండి, పాడైతే ఎవరు బాగుచేస్తారో, ఎన్నాళ్లలోనో బిల్లు మీదే రాయించుకోండి.

రెండో ప్రశ్న: ఇది జైల్‌బ్రేక్ చేసినదా, అంటే దొంగ ఆటలు నడిచేలా లోపల మార్చినదా? "వంద ఆటలు ఎక్కించి ఇస్తాం" అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. అవి దొంగ ప్రతులు. అలా మార్చిన కన్సోల్‌ను గుర్తిస్తే నింటెండో తన ఆన్‌లైన్ సేవల నుంచి దాన్ని శాశ్వతంగా వెలివేయగలదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. వంద ఆటలు ఒకేసారి ముందు పడితే పిల్లలు ఏ ఒక్కదాన్నీ పది నిమిషాలు నిలబడి ఆడరు.

మూడోది, జపాన్‌లో అక్కడివారి కోసమే అమ్మే స్విచ్ 2 ఒకటి ఉంది. ధర తక్కువ కాబట్టి మన దాకా వస్తుంది. దానిలో జపనీస్ తప్ప వేరే భాష పెట్టుకోలేరు, జపాన్ ఖాతా తప్ప వేరేది పనిచేయదు. పెట్టె మీద జపనీస్ రాతలు ఉంటే ఈ విషయం తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో వచ్చేటప్పుడు తెచ్చేదైతే దిగులు లేదు. స్విచ్ ఆటల కార్ట్రిడ్జ్‌లకు, అంటే ఆట ఉండే చిన్న కార్డులకు, దేశాల కట్టుబాటు దాదాపు లేదు. అక్కడ కొన్న ఆట ఇక్కడి కన్సోల్‌లో నడుస్తుంది. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే మన కరెంటుకూ సరిపోతుంది. బల్లపరుపు పిన్నులకు మాత్రం ఒక కన్వర్టర్ ప్లగ్ కావాలి. కన్సోల్‌ను టీవీకి కలపడానికి దించి పెట్టే పెట్టెను డాక్ అంటారు. అడాప్టర్ పోతే ఇంట్లో ఉన్న ఫోను ఛార్జర్‌తో డాక్ నడపాలని చూడకండి. పాత స్విచ్ డాక్‌కు 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి.

3. హాల్లోనే పెట్టండి

పిల్లల గదిలో కాదు, పడకగదిలో కాదు. అందరూ తిరిగే హాల్లో, పెద్ద టీవీ దగ్గర పెట్టండి. ఈ ఒక్క నిర్ణయంతో తల్లిదండ్రుల సగం బెంగ తీరుతుంది. ఏ ఆట ఆడుతున్నారో, ఎంతసేపటి నుంచి ఆడుతున్నారో వంటింట్లోంచి కూడా తెలుస్తుంది.

డాక్‌ను టీవీ కింద అద్దాల షోకేసులో పెట్టి తలుపు మూయకండి. కన్సోల్ వెనకనుంచి గాలి పీల్చి, పైనున్న సన్నటి కిటికీలోంచి వేడిగాలి వదులుతుంది. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. డాక్ మీద లేసు గుడ్డ కప్పడం కూడా అంతే ప్రమాదం. హెచ్‌డీఎంఐ తీగను టీవీకి గుచ్చి, రిమోట్‌లో సోర్స్ మార్చి, కన్సోల్‌ను డాక్‌లోకి దించితే బొమ్మ టీవీలో వచ్చేస్తుంది. ఆ తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటే తప్పక పెట్టుకోండి. అది లేకపోతే బటను నొక్కిన కాసేపటికి గానీ తెరమీద బొమ్మ కదలదు. అలవాటున్న పిల్లలు దానికీ సర్దుకుంటారు, పెద్దవాళ్లు మాత్రం తమకే చేతకావడం లేదనుకుని కంట్రోలర్ కింద పెట్టేస్తారు.

పైకి కూడా ఒకసారి చూడండి. బ్యాడ్మింటన్, టెన్నిస్ లాంటి చేయి ఊపే ఆటల్లో చేయెత్తి కొట్టినప్పుడు సీలింగ్ ఫ్యాను రెక్కలకు చేయి తగులుతుందా? తక్కువ కప్పు ఉన్న ఇళ్లలో ఫ్యాను కింద నుంచి రెండడుగులు పక్కకు జరిగి నిలబడే చోటును ముందే నిర్ణయించండి.

4. ఖాతాలు, తాళాలు

ఒక కన్సోల్‌లో 8 మంది దాకా వేరువేరు ప్రొఫైళ్లు పెట్టుకోవచ్చు. ఒక్కొక్కరికీ ఒకటి పెట్టండి, బాపమ్మకు కూడా. ఆమె పేరు తెరమీద కనిపించడం ఆమెకు ఇష్టం. చెల్లి దాచుకున్న ఆటను అన్న చెరిపేశాడన్న ఏడుపులూ దీంతో తగ్గుతాయి.

ఆ తర్వాత పేరెంటల్ కంట్రోల్స్. దీనికి నింటెండో ఉచితంగా ఇచ్చే ఫోను యాప్ ఉంది. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్ని గంటల దాకా, ఏ వయసు ఆటలు అన్నవి అందులో పెట్టుకోవచ్చు. సమయం అయిపోగానే ఆట దానంతట అదే ఆగిపోయేలా కూడా చేయవచ్చు. ఆ కఠినమైన పద్ధతిని మొదట్లో వాడకండి. హెచ్చరిక మాత్రం వచ్చేలా పెట్టండి. ఎందుకో ఏడో మెట్టులో చెబుతాను.

వయసు గుర్తులు చదవడం నేర్చుకోండి. అమెరికా పెట్టెల మీద ఈ అంటే అందరికీ, ఈ10+ అంటే పదేళ్లు దాటినవారికి, టీ అంటే పదమూడు దాటినవారికి, ఎమ్ అంటే పదిహేడు దాటినవారికి. యూరప్ పెట్టెల మీద 3, 7, 12, 16, 18 అని నేరుగా వయసే ఉంటుంది. దిగుమతి సరుకు కాబట్టి మీ చేతికి ఏ దేశపు పెట్టె వచ్చినా రావచ్చు.

నింటెండో ఆన్‌లైన్ దుకాణం పేరు ఈషాప్. దానిలో డబ్బు వేసే ప్రీపెయిడ్ కార్డు, మీ ఖాతాలో పెట్టిన దేశం ఒకటే అయి ఉండాలి. అమెరికా అని పెట్టుకుంటే అమెరికా కార్డే కావాలి. బ్యాంకు కార్డును ఖాతాలో దాచిపెట్టకండి. ప్రీపెయిడ్‌లో ఉన్నంతే ఖర్చవుతుంది, ఆపైన పోదు.

5. కంట్రోలర్‌ను కొత్తవారి చేతిలో పెట్టడం

అన్ని మెట్లలో దీని మీదే ఎక్కువ ఓపిక పెట్టాలి. చాలా ఇళ్లలో కన్సోల్ పిల్లల సొత్తుగా మారిపోయేది ఇక్కడే. తాతకో అమ్మకో కంట్రోలర్ ఇస్తారు, ఏ బటనేమిటో చెప్పరు, మూడు సెకన్లలో బండి గోడకు గుద్దుకుంటుంది, "నాకు రాదులే, మీరు ఆడుకోండి" అన్న మాట వస్తుంది. ఆ మాట రాకుండా చూడడం పిల్లల బాధ్యత.

కన్సోల్‌కు ఇరువైపులా ఉండే చిన్న కంట్రోలర్లను జాయ్‌కాన్ అంటారు. ఎడమదాని మీద మైనస్, కుడిదాని మీద ప్లస్ గుర్తు ఉంటుంది. పక్క నుంచి పైకి జారిస్తే ఊడి వస్తాయి. ఒక్కోదాన్ని అడ్డంగా పట్టుకుంటే అదే ఒక పూర్తి కంట్రోలర్. ఇలా ఒక జతతో ఇద్దరు ఆడతారు. పక్కన బిగించే పట్టీకి కూడా ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి. గుర్తుకు గుర్తు కలిపి ఎక్కించాలి. తప్పు వైపు ఎక్కిస్తే ఇరుక్కుపోతుంది, లాగడానికి బలం సరిపోదు. ఇది పాత స్విచ్ సంగతి. స్విచ్ 2లో జాయ్‌కాన్లు అయస్కాంతంతో అతుక్కుంటాయి.

జాయ్‌కాన్ లోపలి వైపు, కన్సోల్‌కు అతుక్కునే అంచు మీద, ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ అనే రెండు సన్నటి బటన్లు ఉంటాయి. ఆట మొదలయ్యే ముందు తెర మీద కంట్రోలర్ల బొమ్మ వచ్చి అన్నీ ఆగిపోతాయి. అప్పుడు ఆడేవారంతా తమ జాయ్‌కాన్‌ను అడ్డంగా పట్టుకుని ఆ రెండింటినీ కలిపి నొక్కాలి. మా ఇంట్లో మా అత్తమ్మ చాలాసేపు ఈ తెర దగ్గరే ఆగిపోయేది. మా అమ్మాయి ఆమె పక్కన కూర్చుని, ఆమె చూపుడు వేళ్లను పట్టుకుని ఆ బటన్ల మీద పెట్టి, "బాపమ్మా, ఈ రెండూ ఒక్కసారే నొక్కు, చూడు పచ్చలైటు వచ్చింది, ఆ లైటు నీదే" అని చెప్పింది. అంచు మీద వెలిగే ఆ చుక్కలే ఎవరు ఎన్నో ఆటగాడో చెబుతాయి. ఒక చుక్క ఒకటో మనిషి, రెండు చుక్కలు రెండో మనిషి. అప్పటి నుంచి ఆమె ఆట మొదలయ్యే ముందు తన చుక్కలు తానే లెక్కపెట్టుకుంటుంది.

కొత్తవారికి ఒకేసారి అన్ని బటన్లూ చెప్పకండి. మొదటి ఆటకు ఒకే ఒక్క బటను చాలు. మిగతావి వాళ్లే అడుగుతారు. వాళ్లు ఆడుతున్నంతసేపు కంట్రోలర్ లాక్కుని "ఇలా కాదు, ఇలా" అని చూపించడం పూర్తిగా నిషేధం. మాటతో చెప్పాలి, చేయి వేయకూడదు.

6. మొదట కొనాల్సిన ఆటలు

స్విచ్ ఆటల్లో తెలుగు దాదాపు లేదు. కన్సోల్‌లో కూడా తెలుగు లేదు. కాబట్టి ఎక్కువ చదవాల్సిన ఆట ఎంత గొప్పదైనా ఇంటిల్లిపాదికీ పనికిరాదు. కింద చెప్పేవన్నీ చూసి అర్థం చేసుకునేవే.

చేయి ఊపే ఆటతో మొదలుపెట్టండి. 2022లో వచ్చిన నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లో టెన్నిస్, బ్యాడ్మింటన్, వాలీబాల్, బౌలింగ్, ఫుట్‌బాల్, కర్ర కత్తుల ఆట ఉన్నాయి. గోల్ఫ్, బాస్కెట్‌బాల్ తర్వాత చేర్చారు. టెన్నిస్‌లో మన బొమ్మ దానంతట అదే బంతి దగ్గరికి పరుగెడుతుంది. మనం సమయానికి చేయి ఊపితే చాలు. ఏ పెద్దమనిషికైనా రాకెట్‌తో కొట్టడం ఎలాగో ఎవరూ నేర్పక్కర్లేదు. బౌలింగ్ ఇంకా నిదానం, తొందర లేదు, మోకాళ్ల నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చుని కూడా ఆడవచ్చు. మణికట్టుకు పట్టీ తగిలించుకోకుండా ఎవరినీ ఆడనివ్వకండి. చెమటపట్టిన చేతిలోంచి జాయ్‌కాన్ జారితే నేరుగా టీవీ తెర మీదికే పోతుంది.

రెండోది మారియో కార్ట్ 8 డీలక్స్. స్విచ్ ఆటలన్నింటిలో ఎక్కువగా అమ్ముడైనది ఇదే. టీవీ తెర నాలుగు భాగాలై ఒకేసారి నలుగురు ఆడతారు. ప్రతి పందెంలో 12 బండ్లు ఉంటాయి. ఈ ఆటను ఎంచుకోవడానికి నాకు రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, బండి ఎంచుకునే చోట ప్లస్ బటను నొక్కితే స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ అని రెండు సదుపాయాలు కనిపిస్తాయి. మొదటిది బండిని దారి తప్పి లోయలో పడకుండా కాస్తుంది, రెండోది బటను నొక్కకుండానే బండిని నడుపుతుంది. వీటిని ఎవరికి కావాలో వారికి మాత్రమే పెట్టవచ్చు. ఐదేళ్ల పిల్లవాడు వాటితో, పదిహేనేళ్ల అన్న అవి లేకుండా, ఒకే పందెంలో ఆడతారు. స్మార్ట్ స్టీరింగ్ ఉన్న బండి వెనక చిన్న యాంటెనా కనిపిస్తుంది. కొన్ని అడ్డదారులు ఆ బండికి దొరకవు, కాబట్టి బాగా ఆడేవారికి అన్యాయం కూడా జరగదు. రెండో కారణం, వెనకబడినవారికి ఈ ఆట బలమైన వస్తువులు ఇస్తుంది, ముందున్నవారికి చిన్నవి ఇస్తుంది. చివరన ఉన్న బాపమ్మ ఆఖరి మలుపులో ముందుకు దూసుకువచ్చే అవకాశం నిజంగానే ఉంటుంది. వేగం 50 సీసీ దగ్గర మొదలుపెట్టండి. 150 సీసీకి ఎక్కాలని పిల్లలు గోలచేస్తారు, పెద్దవాళ్లు గదిలో ఉన్నంతసేపు ఒప్పుకోకండి.

మూడోది, మన పెద్దవాళ్లకు నేను అందరికన్నా ముందు చూపించేది, క్లబ్‌హౌస్ గేమ్స్. 2020లో వచ్చిన దీనిలో ప్రపంచం నలుమూలల నుంచి ఏరిన 51 ఆటలు ఉన్నాయి. లూడో ఉంది, చదరంగం ఉంది, క్యారమ్స్ ఉంది, నింటెండో పుట్టుకకు కారణమైన హనాఫుదా కూడా ఉంది. జాబితాలో నైన్ మెన్స్ మోరిస్ అన్న పేరు చూసి దాటిపోకండి. తెరిస్తే అది మన దాడి ఆట. బండల మీద సుద్దముక్కతో మూడు చతురస్రాలు ఒకదానిలో ఒకటి గీసి, గింజలు పేర్చి, మూడు వరుసగా కుదిరితే ఎదుటివారి గింజ లేపేసే ఆటే. మంకాలా అన్నది మన వామనగుంటలకు చుట్టం. తేడా ఏమిటంటే మన పీటకు ఒక్కో వైపు 7 గుంటలు ఉంటే, ఇందులో 6 గుంటలు, చివర గెలిచిన గింజలు పోసుకునే పెద్ద గుంట ఒకటి ఉంటాయి. చింతగింజలతో ఆడి పెరిగిన చేతులకు ఆ లెక్క అర్థం కావడానికి ఒక్క ఆట చాలు. ఆ తర్వాత మనవలు గెలవడం కష్టం. నాలుగు గింజల ముందు చూపుతో ఆడే పెద్దవాళ్లను చూసి పిల్లలు నోరు తెరుస్తారు. ఇంట్లో నేర్పేవారు, నేర్చుకునేవారు తారుమారయ్యే ఆ గంట కోసమైనా ఈ ఆట కొనాలి. క్యారమ్స్ మాత్రం ఇంట్లో అసలు బోర్డు ఉంటే దానిమీదే ఆడండి. వేలితో స్ట్రైకర్ కొట్టే సుఖం తెరమీద రాదు.

కలిసి ఒకే వైపు ఆడే ఆట కూడా ఒకటి కావాలి. పోటీ అంటే కన్నీళ్లు పెట్టుకునే పిల్లలు ప్రతి ఇంట్లో ఉంటారు. 2023లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో నలుగురి దాకా కలిసి వెళ్లవచ్చు. యోషీనో నాబిట్‌నో ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు. చిన్నవారికీ కొత్తవారికీ ఆ పాత్రలే ఇవ్వండి. గుంటలో పడితే మాత్రం వాళ్లకూ ప్రాణం పోతుంది. అలా పోయినవారు కాసేపు దయ్యంలా తేలుతూ వచ్చి తోటివారిని తాకితే మళ్లీ బతుకుతారు. అక్క తమ్ముణ్ని బతికించడానికి వెనక్కి పరుగెత్తడం ఈ ఆటలో మాటిమాటికీ జరుగుతుంది. ఇద్దరే ఉంటే కిర్బీ అండ్ ది ఫర్‌గాటెన్ ల్యాండ్ కూడా ఇలాంటిదే, ఇంకా మెత్తనిది.

మారియో పార్టీ సూపర్‌స్టార్స్ పదిమంది చేరిన ఇంటికి మంచి ఆట. పాచిక వేసి గడులు దాటుతూ, మధ్యమధ్య చిన్న పోటీలు ఆడాలి. అలాంటివి 100 ఉన్నాయి. కానీ తక్కువలో తక్కువ 10 రౌండ్లకే దాదాపు గంట పడుతుంది. సంపాదించిన నక్షత్రాన్ని పక్కవాడు ఎత్తుకుపోవడం ఆటలో భాగం. ఆరేళ్లలోపు పిల్లలున్నచోట నేనైతే పెట్టను.

ఒక దీవిని మెల్లగా తీర్చిదిద్దుకునే ఆట యానిమల్ క్రాసింగ్ గురించి ఒక్క హెచ్చరిక. ఎంతమంది ఆడినా ఒక కన్సోల్‌కు ఒకే దీవి. మొదట ఆట తెరిచినవారే ఆ దీవికి పెద్ద, కొత్త కట్టడాలు ఎక్కడ రావాలో వారే నిర్ణయిస్తారు. కాబట్టి ఆట పెట్టిన రోజే ఎవరు మొదలుపెట్టాలో ఇంట్లో మాట్లాడుకోండి. అందులో కాలం మన గడియారంతోపాటే నడుస్తుంది. రోజుకు అరగంట చొప్పున నెలల తరబడి ఆడుకోవాల్సిన ఆట అది. ఒంటరిగా ఆడే జెల్డా లాంటి గొప్ప ఆటలు ఎన్నో ఉన్నాయి, వాటిని ఇంట్లో అందరూ ఆటకు అలవాటుపడ్డాక తెచ్చుకోండి.

ఇంటర్నెట్‌లో దూరంగా ఉన్నవారితో ఆడడానికి కట్టే నింటెండో ఆన్‌లైన్ చందా, ఒకే గదిలో కలిసి ఆడడానికి అక్కర్లేదు. ఇది తెలియక చాలామంది మొదటి రోజే డబ్బు కట్టేస్తారు. ఆ చందాతో పాత నింటెండో ఆటల భండారం వస్తుంది. 1985 నాటి మొదటి సూపర్ మారియో బ్రదర్స్ అందులో ఉంది. 1990ల్లో టీవీ గేమ్‌కు కార్ట్రిడ్జ్ గుచ్చి ఆడుకున్న నాన్నలు, బాబాయిలు ఉన్న ఇల్లయితే అప్పుడు తీసుకోండి. మొదటి లోకంలో దాచిన గొట్టం ఎక్కడుందో వాళ్లకు ఇప్పటికీ గుర్తుంటుంది.

7. సమయం, వంతులు

నిమిషాల లెక్క కంటే ఆట లెక్క మంచిది. మారియో కార్ట్‌లో ఒక కప్పు అంటే 4 పందేలు. "ఇంకో రెండు కప్పులు, తర్వాత అన్నం" అంటే పిల్లలకు అర్థమవుతుంది, మాట మీద నిలబడతారు. నాలుగో పందెం ఆఖరి మలుపులో యాప్ ఆటను ఆపేస్తే ఆ కోపం మీ మీదికి వస్తుంది. అందుకే పైన హెచ్చరిక మాత్రం చాలన్నాను. మాట తప్పడం అలవాటైతే అప్పుడు కఠినంగా పెట్టండి.

గంట ఆడితే 10–15 నిమిషాలు ఆపమని నింటెండో స్వయంగా చెబుతుంది. ఆ పావుగంటలో కంట్రోలర్లు చేతులు మారాలి. ఆడేవారికన్నా కూర్చున్నవారు ఎక్కువ ఉన్నప్పుడు "ఓడినవారు లేవాలి" అన్న నియమం పెట్టకండి. అలా చేస్తే బాగా ఆడేవారే రోజంతా ఆడతారు. గెలిచినవారు లేవాలి. ఈ ఒక్క మార్పుతో హాలు వాతావరణమే వేరవుతుంది.

8. ఎండ, దుమ్ము, కరెంటు

స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని నింటెండో చెబుతుంది. మే నెలలో మన దగ్గర 42, 43 మామూలు. కూలరో ఏసీయో లేని గదిలో మిట్టమధ్యాహ్నం టీవీకి కలిపి గంటలు గంటలు నడపకండి. పైకిటికీ దగ్గర చేయి పెడితే గాలి మరీ వేడిగా అనిపిస్తే ఆపేసి చల్లారనివ్వండి. కూలర్ ఉంటే దాని తడిగాలి నేరుగా డాక్‌కు తగలకుండా చూడండి. ఆగి ఉన్న కారులో కన్సోల్‌ను ఎప్పుడూ వదలకండి.

దుమ్ముకు పొడి మెత్తని బ్రష్ చాలు. నోటితో ఊదకండి, తేమ లోపలికి పోతుంది. జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే పుల్లను తాకకపోయినా తెరమీద బొమ్మ దానంతట అదే కదులుతుంటే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. ముందు సెట్టింగ్స్‌లో పుల్లను సరిచేసే కాలిబ్రేషన్ చేసి చూడండి, తగ్గకపోతే అనుభవం ఉన్న మెకానిక్‌తో పుల్ల మార్పించాలి.

కరెంటు పోతే టీవీ ఆరిపోతుంది గానీ ఆట పోదు. కన్సోల్‌లో బ్యాటరీ ఉంది, డాక్‌లోంచి పైకి తీస్తే అదే ఆట దాని తెరమీద నడుస్తూ ఉంటుంది. ఓఎల్‌ఈడీ బ్యాటరీ ఆటను బట్టి 4.5 నుంచి 9 గంటలు వస్తుంది. విడదీసిన జాయ్‌కాన్లను ఆట అయ్యాక మళ్లీ కన్సోల్‌కు తగిలించాలి, అక్కడే అవి ఛార్జ్ అవుతాయి. ఈ పని ఒక పిల్లవాడికి అప్పగించండి.

9. ఆటల భండారం మెల్లగా పెంచండి

మొదటి ఆరు నెలలకు మూడు ఆటలు సరిపోతాయి. పైన చెప్పిన మొదటి మూడూ అందుకు చాలు. ఆపైన పండుగకు ఒకటి చొప్పున చేర్చుకోండి. కొనేముందు ఈషాప్‌లో ఆ ఆటకు ఉచిత డెమో ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. డెమో ఆడాక కూడా మళ్లీ అడిగితేనే కొనండి.

డౌన్‌లోడ్ కన్నా కార్ట్రిడ్జ్ మేలు. ఆడేశాక అమ్ముకోవచ్చు, కాజీపేటలో ఉన్న పిన్ని పిల్లలకు నెల రోజులు ఇచ్చి వాళ్ల దగ్గరున్నది తెచ్చుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు బంధువుల ఇళ్లలో స్విచ్ ఉంటే ఒకే ఆట ఇద్దరు కొనకుండా ముందే మాట్లాడుకోండి. అయితే స్విచ్ 2 ఆటల్లో కొన్నింటి పెట్టెలో ఉండే కార్డు తాళంచెవి మాత్రమే, ఆటంతా ఇంటర్నెట్ నుంచి దింపుకోవాలి. ఆ విషయం పెట్టె ముందువైపే రాసి ఉంటుంది. జాగా చాలకపోతే మెమరీ కార్డు వేసుకోవాలి. మామూలు స్విచ్‌కు, ఓఎల్‌ఈడీకి ఫోనుల్లో వాడే మైక్రోఎస్‌డీ సరిపోతుంది. స్విచ్ 2కు ఆటలు దాచాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకమే కావాలి, మామూలుది పెడితే పనిచేయదు.

కార్ట్రిడ్జ్ చాలా చిన్నగా ఉంటుంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారని నింటెండో వాటికి విపరీతమైన చేదు పూత పూస్తుంది. దానికి హాని లేదు, నాలుకకు తగిలితే వెంటనే ఉమ్మేస్తారు. అయినా వాటిని ఎక్కడంటే అక్కడ వదలకండి. ఆటల పెట్టెలన్నీ ఒకచోట, చిన్నవారికి అందని అరలో పెట్టి, ఏ ఆట ఎవరింటికి వెళ్లిందో ఒక కాగితం మీద రాసి ఆ అర తలుపు లోపలివైపు అంటించుకోండి.